వలస నేలలో మనిషి ఎదుగుదల: మధురవాడ నుంచి మన్యం దాకా

పొద్దున్నే మధురవాడ జంక్షన్‌లో జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే జనం రెండు పాయలుగా కదలడం కనిపిస్తుంది. ఒక పాయ కార్లలో, కంపెనీ బస్సుల్లో రుషికొండ ఐటీ కొండల వైపు మళ్లుతుంది. రెండోది సర్వీసు ఆటోల్లోంచి దిగుతుంది. తాపీ మేస్త్రీలు, సెంట్రింగు పనివాళ్లు, అపార్టుమెంట్లలో అంట్లు తోమి ఇల్లు తుడిచే ఆడవాళ్లు. ఈ రెండో పాయలో వినిపించేది ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం యాస. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసే దాకా మధురవాడ పంచాయతీయే. ఇప్పుడు నగరం ఉత్తరానికి పెరుగుతున్నదంటే ముందు తగిలేది ఈ ఊరే.

తెలుగులో ‘వలస’ అన్న మాట రెండు పనులు చేస్తుంది. పొట్ట చేతపట్టుకుని ఊరు విడిచి పోవడమూ వలసే, పరాయివాళ్లు వచ్చి ఏలడమూ వలస పాలనే. ఉత్తరాంధ్రలో మూడో వాడుక కూడా ఉంది. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కట్టుకున్న పల్లెకు అదే పేరు. తగరపువలస, ఆమదాలవలస అలా మిగిలినవే. మానవాభివృద్ధి గురించి చెప్పాలంటే ఈ మూడు అర్థాలూ కావాలి.

మానవాభివృద్ధి అనేది ఒక కొలత, ఒక చూపు కూడా. దేశంలో డబ్బు ఎంత పెరిగిందని అడగడం పాత పద్ధతి. అక్కడ పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుంది, ఎంత చదువుకుంటుంది, తనకు నచ్చిన బతుకును ఎంచుకునే వీలు ఎంత ఉంటుంది అని అడగడం ఈ చూపు. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మొదటి నివేదికను వెలువరించింది. దాని వెనుక ఉన్న ఆలోచనలో పెద్ద వాటా కేంబ్రిడ్జి రోజుల నుంచీ హక్‌కు మిత్రుడైన అమర్త్యసేన్‌ది. 1943 బెంగాల్ కరువును సేన్ చిన్నతనంలో కళ్లారా చూశారు. వలస పాలన అనుభవించిన రెండు దేశాల బిడ్డలు ఈ కొలతను తయారు చేయడం యాదృచ్ఛికం కాదు. తలసరి ఆదాయం దాచిపెట్టే బాధ ఏమిటో వాళ్లకు తెలుసు.

సూచికలో ఆయుర్దాయం, చదువు, ఆదాయం అనే మూడు భాగాలుంటాయి. మొదట్లో మూడింటికీ మామూలు సగటు కట్టేవారు. 2010 నుంచి గుణించి ఘనమూలం తీస్తున్నారు. దీనివల్ల ఆదాయం ఎంత ఎక్కువ ఉన్నా చదువులోని లోటును పూర్తిగా కప్పెయ్యలేదు. 2025లో వచ్చిన నివేదిక ప్రకారం భారత్ సూచిక 0.685, 193 దేశాల్లో స్థానం 130. స్వాతంత్ర్యం నాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్లు. 1951 జనగణనలో అక్షరం తెలిసినవాళ్లు నూటికి 18 మంది. ఇంగ్లీషువాళ్లు రైలు వేశారు, పోస్టాఫీసు పెట్టారు అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాటను ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడాలి.

వలస పాలన ఆనవాళ్లు మధురవాడకు దూరమేమీ కాదు. సముద్రం వెంబడి పోతే భీమునిపట్నంలో 17వ శతాబ్దం నాటి డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి. ఆ దారిలోనే తొట్లకొండ, బావికొండ, ఇంకాస్త ముందుకు పావురాలకొండ. డచ్చివాళ్లకు పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ల ముందే బౌద్ధ భిక్షువులు అక్కడ విహారాలు కట్టుకున్నారు. రాతిలో తొలిచిన నీటి తొట్ల మీదుగానే తొట్లకొండకు ఆ పేరు. సముద్రపు బేరం ఈ తీరానికి ఐరోపావాళ్లు నేర్పిన విద్య కాదు. వాళ్లు మార్చింది ఆ బేరంలో లాభం ఎవరికి చేరాలన్నది.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, మరుసటి ఏడాది నిజాముతో ఒప్పందం కలిసి ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టాయి. కంపెనీకి కావలసింది ఏటేటా తప్పకుండా అందే పేష్కష్, అంటే కప్పం. ఆ బాకీ తగాదా ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధమైంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు అందులో నేలకొరిగాడు. ఎనిమిదేళ్లకు, 1802లో, శాశ్వత శిస్తు నిర్ణయం అమలులోకి వచ్చింది. జమీందారు కంపెనీకి కట్టాల్సింది శాశ్వతంగా ఖాయం. రైతు దగ్గర పిండుకునే దానికి మాత్రం అంత గట్టి హద్దు లేదు. సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూములను కూడా ముక్కలు చేసి వేలంలో అమ్మేశారు. విజయనగరం, బొబ్బిలి, జయపురం సంస్థానాల పేర్లతో ఉత్తరాంధ్ర పల్లెలు చాలావరకు జమీందారీ కిందనే ఒకటిన్నర శతాబ్దం నడిచాయి. మద్రాసు రాజధానిలోనే మిగతా చాలా చోట్ల థామస్ మన్రో పట్టుబట్టి తెచ్చిన రైత్వారీ విధానం ఉండేది. అక్కడ శిస్తు భారమే అయినా పట్టా రైతు పేరున ఉండేది.

ఈ తేడా రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మిగిలి ఉందా? అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ దేశమంతటి జిల్లాల లెక్కలు తీసి 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకప్పుడు జమీందారీ కింద ఉన్న జిల్లాల్లో స్వాతంత్ర్యం తర్వాత కూడా సేద్యంలో పెట్టుబడి, దిగుబడి తక్కువగా ఉన్నాయని, బడులూ ఆసుపత్రులూ కూడా వెనకబడ్డాయని తేల్చారు. భూమి ఎవరిదన్న గొడవ తీరని చోట ఊరంతా కలిసి బడి కోసం, ఆసుపత్రి కోసం సర్కారును నిలదీయడం కష్టమవుతుందని వాళ్లు ఇచ్చిన వివరణల్లో ఒకటి. ఉత్తరాంధ్ర పల్లెల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ వివరణ నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది. మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది 1948లో. గాజువాక వైపు ఉక్కు నగరం, ఇటు ఐటీ కొండలు లేచిన తర్వాత కూడా సింహాచలం దేవస్థానం చుట్టూ అడవివరం, వేపగుంట మొదలైన పంచగ్రామాల్లో ఇంటి స్థలం ఎవరిదన్న వివాదం దశాబ్దాల పాటు జనాన్ని తిప్పలు పెట్టింది.

అయితే భూమి హక్కు ఒక్కదానితోనే కథ పూర్తికాదు. నీరు కూడా ఉంది. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ పట్టుదలతో 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు వచ్చాయి. గోదావరి జిల్లాలోనూ జమీందారులు ఉన్నారు. కానీ కాలవ పారిన చోట రైతు చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ డబ్బు బడిగా, కళాశాలగా, పత్రికగా, గ్రంథాలయంగా మారింది. వంశధార, నాగావళి, శారద తీరాల్లో అంతటి పని ఏదీ జరగలేదు. చెరువు నిండితేనే పంట.

2011 జనగణన అంకెలు చూస్తే ఆ పాత పటం మళ్లీ కనిపిస్తుంది. అక్షరాస్యత పశ్చిమ గోదావరిలో 74.6 శాతం, కృష్ణాలో 73.7. శ్రీకాకుళంలో 61.7, విజయనగరంలో 58.9. ఓడరేవూ విశ్వవిద్యాలయమూ ఉన్న విశాఖపట్నం జిల్లా కూడా 66.9 దగ్గరే ఆగింది. దానికి కారణం కొండల మీద ఉంది.

జమీందారులు ఏమీ చేయలేదనడం అన్యాయం. విజయనగరంలో మహారాజా కళాశాల, విశాఖలో పరదా స్త్రీల కోసం కట్టి ‘ఘోషాసుపత్రి’గా పేరుపడ్డ విక్టోరియా ఆసుపత్రి ఆ కుటుంబాల దాతృత్వంతో వచ్చినవే. ఘోషాసుపత్రిలో పురుడు పోసుకున్న తరాలు ఎన్నో ఉన్నాయి. కానీ దానం ఇచ్చేవాడి మనసును బట్టి వస్తుంది. ఊరూరా సమానంగా రాదు. అడగడానికి కూలికి హక్కూ ఉండదు. మానవాభివృద్ధి చరిత్రలో అసలైన మలుపు బడీ, వైద్యమూ దానం నుంచి హక్కుగా మారిన చోట ఉంది.

ప్రపంచమంతటా ఇదే చర్చ మరో రూపంలో నడుస్తోంది. డేరన్ అసిమొగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్ 2001లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఐరోపావాళ్లు కాపురాలు పెట్టుకున్న చోట తమకు పనికొచ్చే మంచి వ్యవస్థలు కట్టుకున్నారని, రోగాలకు భయపడి స్థిరపడని చోట తవ్వుకుపోయే వ్యవస్థలు పెట్టారని, ఆ తేడాయే నేటి సంపదలో కనిపిస్తోందని వాళ్లు అన్నారు. ముగ్గురికీ 2024లో నోబెల్ పురస్కారం వచ్చింది. అయితే అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ ‘మంచి వ్యవస్థలు’ అంతకుముందు అక్కడ బతుకుతున్నవాళ్లను తుడిచేసి కట్టినవి. ఆ సంగతిని పక్కన పెట్టి ఈ సిద్ధాంతాన్ని మెచ్చుకోవడం సరికాదు. పైగా పునాది ఒక్కటైనా ఇళ్లు వేరు వేరుగా లేస్తాయి. జపాను కింద నలిగిన దక్షిణ కొరియా ఇవాళ ముందు వరసలో ఉంది. ఇంగ్లీషువాళ్ల కిందనే ఉన్న శ్రీలంక చదువులో, ఆరోగ్యంలో భారత్ కంటే చాలా ముందుంది. దేశం లోపలే కేరళ సంగతి అందరికీ తెలుసు. తిరువాన్కూరు రాజుల కాలం నుంచీ బడి మీద పెట్టిన శ్రద్ధ, నారాయణ గురు, అయ్యంకాళి వంటివారు కులం అడ్డుగోడలపై చేసిన పోరాటాలు, ఆ తర్వాత భూసంస్కరణలు కలిసి ఆ రాష్ట్రాన్ని నిలబెట్టాయి.

ఉత్తరాంధ్రవాళ్లే ఈ వాదనకు ఒక పరీక్షలాంటి ఉదాహరణ ఇచ్చారు, తమకు తెలియకుండానే. 19వ శతాబ్దంలో ఈ తీరం నుంచి కూలీలు ఓడలెక్కారు. కొందరు కోరంగి రేవు నుంచి, కొందరు విశాఖ, కళింగపట్నం వంటి రేవుల నుంచి. చెరకు తోటలకు మారిషస్, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్. బియ్యం మిల్లులకూ రేవు పనికీ రంగూన్. ఇక్కడి పల్లెల్లో దాన్ని రంగం అనేవారు. రంగం వెళ్లొచ్చినవాడు ఊళ్లో పెంకుటిల్లు వేశాడంటే ఆ ముచ్చట ఏళ్ల తరబడి చెప్పుకునేవారు. మారిషస్‌కు వెళ్లినవాళ్లకూ రంగం వెళ్లినవాళ్లకూ బయలుదేరేటప్పుడు తేడా ఏమీ లేదు. అదే కరువు, అదే అప్పు, అదే కులాలు.

తేడా చేరిన చోట వచ్చింది. రంగంలో 1930 మేలో రేవు పని విషయమై తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య నెత్తురు పారింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల్లో నడిచి వెనక్కి వచ్చారు. దారిలోనే రాలిపోయినవాళ్లు ఎందరో. 1962లో సైనిక పాలన వచ్చాక మిగిలినవాళ్లలో చాలామంది ఆస్తులు వదులుకుని ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేట పేరు ఆ తిరుగు వలస గుర్తే. మారిషస్ దారి వేరు. 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఆ దీవి భవిష్యత్తు మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. చెరకు ఒక్కటే పంట, కిక్కిరిసిన జనాభా, జాతుల మధ్య పోటీ. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం ఎన్నికల పద్ధతిని నిలుపుకుంది, 1970ల చివరికల్లా ఉన్నత పాఠశాల చదువు కూడా ఉచితం చేసింది, చెరకు నుంచి బట్టల మిల్లులకూ పర్యాటకానికీ మళ్లింది. నేడు దాని మానవాభివృద్ధి సూచిక 0.8 పైన ఉంది. మియన్మార్ 0.609తో భారత్ కంటే కింద ఉంది. తెలుగువాళ్లు 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలను మారిషస్‌లో జరుపుకున్నారు. ఒకప్పుడు కూలి డబ్బుకు ఆశపెట్టిన రంగం నుంచి ఇవాళ ఆ దేశస్థులే బయటికి వలసపోతున్నారు.

అంటే వలస పాలన మొదటి ఎత్తు వేసింది. తర్వాతి ఎత్తులు స్వతంత్ర దేశాలవి.

ఆ ఎత్తుల్లో చదువు ముఖ్యమైనది. చదువు ఏ భాషలో అన్న గొడవ ఈ ప్రాంతంలోనే గట్టిగా లేచింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి కొండల నుంచి దిగివచ్చే సవరల మాట విని, నేర్చుకుని, సొంత ఖర్చుతో వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. సవర పిల్లవాడికి తన మాటలో పాఠం కావాలన్న మనిషే తెలుగు పిల్లవాడికి గ్రాంథికం ఎందుకని అడిగాడు. విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖలో ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, బడుల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ ఆ వాడుక భాషా ఉద్యమంలో ఆయనతో నడిచారు. దీన్ని పండితుల తగాదాగా మాత్రమే చెప్పడం పరిపాటి. నిజానికి అది ఇంట్లో పుస్తకం లేని పిల్లవాడు బడిలో నిలుస్తాడా, మానేస్తాడా అన్న ప్రశ్న. దాదాపు శతాబ్దం తర్వాత, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కోయ, గోండి వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టినప్పుడు గిడుగు దారే మళ్లీ తొక్కింది.

పై చదువుకు విశాఖ తొందరగానే నెలవైంది. 1923లో వైద్య కళాశాల, దాన్ని అంటిపెట్టుకుని కింగ్ జార్జ్ ఆసుపత్రి. ఇవాళ్టికీ ఉత్తరాంధ్ర, పొరుగు ఒడిశా పేదలకు పెద్ద జబ్బు చేస్తే గుర్తొచ్చే పేరు ‘కేజీహెచ్’. 1926లో ఏర్పడ్డ ఆంధ్ర విశ్వవిద్యాలయం కట్టమంచి రామలింగారెడ్డి హయాంలో విశాఖలోని వాల్తేరు చేరింది. కింద బడి పునాది పలచగా ఉండగానే పైన శిఖరం లేచింది. వలస పాలన నడిచిన దేశాలు చాలావాటిలో ఇదే ఆకారం. గుమాస్తాలు, వైద్యులు కావాలి కనుక కళాశాలలు ముందు వచ్చాయి, పల్లె బడి తర్వాత.

ఇప్పుడు మధురవాడ పక్కనే చంద్రంపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల రాష్ట్రంలో ఎక్కువమంది విద్యార్థులున్న సర్కారు బడుల్లో ఒకటి. కట్టుబడి పనికి వచ్చిన కుటుంబాలకు కార్పొరేట్ బడి ఫీజు అందదు. కాబట్టి నగరం పెరిగిన కొద్దీ ఈ బడి బల్లలు నిండుతూ ఉంటాయి. 2019లో ప్రాథమిక స్థాయి నుంచే ఇంగ్లీషు మాధ్యమం అన్న ప్రభుత్వ నిర్ణయంపై రాష్ట్రమంతా వాదులాడుకుంది. ఆ వాదనలో ఇలాంటి బడి పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇంగ్లీషు వైపే మొగ్గారు. ఐటీ కొండ ఎక్కడానికి మెట్లు ఆ భాషలో ఉన్నాయని వాళ్లు కళ్లతో చూస్తున్నారు. గిడుగు వాదనా తప్పు కాదు, వాళ్ల ఆరాటమూ తప్పు కాదు. తెలిసిన భాషలో పునాది వేసి, ఇంగ్లీషును బాగా నేర్పే బడి కావాలి. అలాంటి బడికి ఉపాధ్యాయులు కావాలి, డబ్బు కావాలి.

ఆకలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ ఒక బడిలో మధ్యాహ్న భోజనం పెట్టింది. అప్పుడు ఆ సంస్థ పగ్గాలు జస్టిస్ పార్టీ నేతల చేతిలో ఉన్నాయి. 1975లో అంగన్‌వాడీలకు దారితీసిన పథకం మొదలైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఖజానాకు బరువని అప్పట్లో విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ బియ్యం వచ్చాక అంబలి తాగి పడుకునే ఇళ్లలో పొయ్యి వెలిగింది.

పరిశ్రమ కథ విశాఖకు గర్వకారణం. అందులో దుఃఖమూ ఉంది. 1933లో ఓడరేవు తెరిచారు. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతికి రాయపూర్ రైలు మార్గం అప్పటికే వేసి ఉంచారు. రేవు పుట్టింది ఖనిజం తరలించడానికి, ఊరి బాగు కోసం కాదు. స్వదేశీ పెట్టుబడితో వాల్‌చంద్ హీరాచంద్ 1941లో పునాది వేయించిన ఓడల కర్మాగారం నుంచి 1948లో ‘జలఉష’ నీళ్లలోకి దిగింది. ఆ తర్వాత ఉక్కు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రం అట్టుడికింది, కాల్పుల్లో 32 మంది చనిపోయారు. 1970లో ఇందిరాగాంధీ ప్రకటన, 1971లో శంకుస్థాపన, 1992లో పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం. ఒక కర్మాగారం కోసం జనం ప్రాణాలివ్వడం వెనుక ఉన్నది ఉద్యోగం. వేలాది కూలీ, చిన్న రైతు ఇళ్లలో నెల జీతం, క్వార్టరు, పిల్లల చదువు, ఆసుపత్రి ఒక్కసారిగా వచ్చాయి. రెండో తరంలో ఇంజనీర్లు, నర్సులు తయారయ్యారు. ప్రభుత్వ రంగ ఉద్యోగం, అందులోని రిజర్వేషన్లు మానవాభివృద్ధికి ఎంత చేశాయో గాజువాక వీధులే చెబుతాయి.

ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్లు, పదహారు వేలకు పైగా కుటుంబాలు కదలాల్సి వచ్చింది. నిర్వాసితులకు ఇచ్చిన ‘ఆర్ కార్డు’ ఉద్యోగం ఇస్తుందన్న ఆశతో వాళ్లలో ఎందరో కార్డు పట్టుకునే ముసలివాళ్లయ్యారు. 2021 జనవరిలో కేంద్రం కర్మాగారాన్ని ప్రైవేటుకు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు రోడ్డెక్కినవాళ్లలో ఆ కార్డుల కుటుంబాలూ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై నిద్రలో ఉన్న ఊరిని కమ్మేసింది. ఊపిరి పీల్చే గాలి మానవాభివృద్ధి సూచికలోని మూడు భాగాల్లో దేనిలోనూ నేరుగా లేదు.

మధురవాడలోనూ ఇలాంటి లెక్క ఒకటి ఉంది. నగరం నడిబొడ్డున మురికివాడల్లో ఉన్న కుటుంబాలకు జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద ఇక్కడ అంతస్తుల ఇళ్లు కట్టి ఇచ్చారు. పక్కా ఇల్లు, కరెంటు, కుళాయి వచ్చాయి. పని మాత్రం రేవు దగ్గర, పూర్ణా మార్కెట్ దగ్గర ఉండిపోయింది. రోజు కూలీకి వెళ్లే మనిషికి ఆటో ఛార్జీ, పోయిరావడానికి పట్టే సమయం కలిపితే ఇంటి లాభంలో కొంత కరిగిపోతుంది. సర్కారు లెక్కల్లో ఇల్లు పెరిగినట్టు కనిపిస్తుంది, చేతిలో డబ్బు తగ్గినట్టు కనిపించదు.

మధురవాడ నుంచి వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటుగా ప్రయాణిస్తే పాడేరు. అక్కడ పాలన వేరుగా నడిచింది. 1839 చట్టంతో ఇంగ్లీషువాళ్లు ఈ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా పెట్టారు. ‘ఏజెన్సీ’ అన్న మాట అలా పుట్టి, ఇప్పటికీ జనం నోట ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడునూ, కట్టెపుల్లనూ నేరం చేసింది. మన్సబుదారు, పోలీసులు, షావుకార్లు కలిసి పీడిస్తే 1879లో రంప తిరగబడింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది. రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకపోవడం ఆ తిరుగుబాటుకు ఒక కారణం. మన్యం దాకా రోడ్డు వచ్చింది. వేసింది మన్యంవాళ్ల చేతులే. ఆ రోడ్డు మీదుగా బడి, వైద్యుడు రావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

స్వతంత్ర భారతం కొన్ని కవచాలు తొడిగింది. 1956లో గిరిజన సహకార సంస్థ, 1970లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా పేరుపడ్డ భూబదలాయింపు నిబంధన, 1997లో గనుల లీజులపై సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం. కాఫీ తోటలు అరకు పేరును ప్యారిస్ దాకా తీసుకెళ్లాయి. అయినా రోడ్డు చేరని కొండ పల్లెల్లో నొప్పులు మొదలైన గర్భిణిని డోలీలో మోసుకుపోవడం ఆగలేదు. నలుగురు మగవాళ్లు, ఒక కర్ర, ఒక దుప్పటి. కిందికి వచ్చి అంబులెన్సు అందుకునేలోపు కాలం ఎంత గడిచిందన్నదే తల్లీబిడ్డల ఆయుష్షు.

ఉమ్మడి విశాఖ జిల్లాలో 2011 నాటికి నూటికి 14 మంది గిరిజనులు. జిల్లా సగటు తీసినప్పుడు నగరం వాళ్లను దాచేసేది, వాళ్లు నగరాన్ని కిందికి లాగినట్టు కనిపించేవారు. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా విడిపోయింది. విశాఖపట్నం, అనకాపల్లి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే కొత్త జనగణనలో ఈ ప్రాంతాల లెక్క తొలిసారి వేటికవిగా వస్తుంది. గణకుడు మధురవాడ అపార్టుమెంటు లిఫ్టు ఎక్కుతాడు, పక్కనే తాపీ మేస్త్రీ ఉండే రేకుల షెడ్డు తలుపు తడతాడు. మన్యంలో అతని తోటి ఉద్యోగి కాలిబాట పట్టి కొండెక్కాలి.